గుమ్మడిపాదుకు బలమైన మందు

నాకు కోపం ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. మందుల షాపు పెట్టి ముప్పై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో డాక్టరు చీటీ లేకుండా ఒక్క మాత్ర కూడా ఎవరి చేతికీ ఇవ్వలేదు. "జలుబు చేసిందండీ, ఏదో ఒక మందివ్వండి" అని ఎవడైనా వస్తే, "ఏదో ఒకటి ఇవ్వడానికి ఇది చాక్లెట్ల కొట్టనుకున్నావా?" అని కసురుతాను. సీసా మీద రాసింది చదవకుండా జేబులో వేసుకుపోయేవాణ్ణి వెనక్కి పిలిచి, గట్టిగా చదివించి మరీ పంపిస్తాను. అందుకే మా వీధిలో నన్ను చీటీ మాస్టారంటారు. నా ముందు అనరు, వెనకాల అంటారు. నాకు తెలియదనుకుంటారు, పిచ్చివాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ పేరంటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది. ఇప్పుడెవరైనా ఆ పేరెత్తితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మాది చిన్న మేడ. కింద మేమిద్దరం, పైన అద్దెకు ఒక జంట. అతను రైళ్ళలో పనిచేస్తాడు, వారంలో నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండడు. ఆ అమ్మాయి మా ఆవిడను పిన్నీ అని, నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. నా కోపానికి బెదరని మనిషి ఈ లోకంలో ఉంటే ఆ పిల్ల ఒక్కతే. "బాబాయ్‌కి కోపం ముక్కు మీదుంటుంది, ఇక కళ్ళజోడుకి చోటెక్కడ?" అని నా ఎదుటే నవ్వేది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు వాళ్ళకు కూతురు పుట్టింది. బుజ్జమ్మ అనేది మేం పెట్టుకున్న ముద్దుపేరు. పిల్లకు మూడు నెలలు నిండగానే మా ఆవిడ వేళ్ళు మడిచి లెక్కేసింది.

"ఇప్పుడు గింజ పెడితే నూరు రోజులకి కాయ పండుతుందండీ. అప్పటికి దీనికి ఆరు నిండి ఏడో నెల వస్తుంది. మొదటి ముద్ద మన పెరటి గుమ్మడికాయే."

"బజార్లో గుమ్మడికాయలు దొరకవా?" అన్నాను.

"దొరుకుతాయి. వాటికి ఏం మందులు కొట్టారో ఎవడికి తెలుసు? చంటిపిల్ల పొట్టలోకి పోయేది. మన పాదుకి కొట్టు మందు చిటికెడు కూడా తగలడానికి వీల్లేదు."

చెప్పడమే కాదు, అన్నంత పనీ చేసింది. పాలమనిషి గంపెడు పచ్చిపేడ తెచ్చి ఊరికే ఇస్తానంటే తిప్పి పంపేసింది. పచ్చిపేడ వేర్లను ఉడికించేస్తుందట. చివికిన ఎరువు కావాలని బస్సెక్కి ఊరి చివర పశువుల శాల దాకా వెళ్ళి, గుప్పెడు తీసి వాసన చూసి, మట్టి వాసన వచ్చాకే సంచీ నింపించింది. వేపపిండి కలిపింది. వేరుశనగ చెక్క మూడు రోజులు నానబెట్టి, ఆ కంపుకు నేను ముక్కు మూసుకుని తిడుతున్నా పట్టించుకోకుండా, ఆ నీళ్ళకు పదింతలు మంచినీళ్ళు కలిపి పాదు మొదట్లో పోసేది. పూత మొదలయ్యాక ఎరువు తగ్గించేసింది. "బలం ఎక్కువైతే ఆకు పెరుగుతుంది గానీ కాయ రాదండీ. ఊరికే తిని ఊరేవాళ్ళు మనుషుల్లో లేరూ?" అని నా పొట్టకేసి చూసేది. పొద్దున్నే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, కింద పిందె ఉన్న ఆడపువ్వుల్లో ఒక్కొక్కదానికే అద్దేది. "పెళ్ళిళ్ళ పేరమ్మగారూ, ఇవాళెన్ని సంబంధాలు కుదిర్చారు?" అని నేను వేళాకోళం చేస్తే, "మీకు కుదిర్చినవాడు ఇంత శ్రద్ధ పెట్టుంటే నా బతుకిలా ఉండేదా?" అని దెప్పేది. అయిదు కాయలు నిలిచాయి.

రెండు కాయలు రంగు తిరుగుతుండగా, వాళ్ళక్కకు కంటి ఆపరేషన్ అని కబురొచ్చింది. పన్నెండు రోజులు వెళ్ళక తప్పలేదు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ నాకు పాఠం అప్పగించింది. రోజు విడిచి రోజు నీళ్ళు. ఆదివారం చెక్క నీళ్ళు. ఆకుల మీద కాదు, మొదట్లో. "ఇంకేం చెయ్యకండి. మీరేం చెయ్యకపోవడమే దానికి పెద్ద మేలు" అని ఆటో ఎక్కింది.

నేను నిజంగానే ఏమీ చెయ్యలేదు. అదే వచ్చిన చిక్కు. ఊళ్ళో జ్వరాలు, షాపులో ఊపిరాడని పని. ఇంటికొచ్చి ఇంత తిని పడుకోవడమే. ఆరో రోజు పొద్దున పెరటి తలుపు తీసి చూద్దునుగదా, తీగంతా వడలిపోయి ఉంది. మొదటి ఆకులు పసుపు పచ్చగా మారాయి. గొడుగుల్లాంటి ఆకులు పిండిన బట్టల్లా వేలాడుతున్నాయి. రెండు బకెట్లు గబగబా కుమ్మరించాను. కానీ నాకు మనసాగలేదు. ఆవిడొచ్చి చూస్తే ముప్పై ఏళ్ళ లెక్కలన్నీ తీస్తుంది.

షాపు తెరవడానికి పోతూ దారిలో మొక్కల కొట్టు దగ్గర స్కూటర్ ఆపాను. కొట్టాయన కుండీలకు నీళ్ళు పెడుతున్నాడు.

"గుమ్మడిపాదు నీరసించిందయ్యా. మంచి మందివ్వు" అన్నాను.

మందు. ఆ మాటే అన్నాను. ఎరువు అనలేదు. ఎరువుకూ మందే అంటాం, పురుగులకు కొట్టేదీ మందే అంటాం, నేనమ్మేదీ మందే. ముప్పై నాలుగేళ్ళుగా ఆ మాట అన్నవాడినల్లా "ఏ మందు? దేనికి? ఎవరికి?" అని నిలదీసే నేను, ఆ పొద్దున ఆ ఒక్క మాటే ఆయన మొహాన పారేసి నిలబడ్డాను.

"పురుగు పట్టిందాండీ?" అని అడిగాడాయన. పాపం, అడిగాడు. అడగలేదని అబద్ధమాడలేను.

"పట్టిందో లేదో నాకేం తెలుసు? బలమైనది ఇవ్వవయ్యా. అవతల షాపు దగ్గర జనం కాసుక్కూచున్నారు" అని కసిరాను.

ఆయన మూలనున్న బస్తాలోంచి బూడిదరంగు గుళికలు గరిటెతో తీసి, కాగితంలో పొట్లం కట్టాడు. "చేతికి తొడుగేసుకోండి సార్. మొదలు చుట్టూ చల్లి మట్టి కప్పండి. ఇంకోమాట, కాయలు గానీ..." అంటుండగానే నేను స్కూటర్ తన్నాను. ఆ మిగతా మాట వినలేదు. పొట్లం మీద పేరు లేదు, రాత లేదు, ఏమీ లేదు. నా షాపులో ఎవడైనా అలాంటి పొట్లం తెచ్చి "ఇది వేసుకోవచ్చాండీ?" అని అడిగితే చెంప పగలగొట్టి ఉండేవాణ్ణి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి పాదుకో గుప్పెడు వేశాను. రోజూ నీళ్ళు పోశాను. నాలుగు రోజుల్లో తీగ లేచి కూర్చుంది. నీళ్ళకే లేచి ఉంటుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మందు మహిమే అనుకుని మురిసిపోయాను.

మా ఆవిడ తిరిగొచ్చి, సంచీ కింద పెట్టకుండానే పెరట్లోకి వెళ్ళింది. పాదు చుట్టూ తిరిగి, నా దగ్గరకొచ్చి, నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఈ చేతిలో ఇంత చలవుందని ఇన్నాళ్ళూ నాకు తెలీనేలేదండీ! ఏం వేశారు?"

ఆ క్షణంలో చెప్పి ఉంటే ఏమయ్యేది? కొట్టు సరుకు వేసినందుకు నాలుగు చీవాట్లు పడేవి. కాయలు మాత్రం బుజ్జమ్మ దాకా పోయేవి కావు. కానీ మా ఆవిడ నన్ను మెచ్చుకుని ఎన్నేళ్ళయిందో! "నువ్వు చెప్పిందే. చెక్క నీళ్ళు" అన్నాను. కనురెప్ప కూడా ఆడలేదు. ఆ సాయంత్రం ఆవిడ మెట్ల మీద నిలబడి పై వాటా అమ్మాయితో "మీ బాబాయ్ నాకంటే బాగా చూశారే" అంటుంటే, గదిలో కూర్చుని వింటూ పొంగిపోయాను. సిగ్గులేని జన్మ.

పది రోజులు గడిచాయి. ఒక గురువారం మా ఆవిడ పండిన కాయలు రెండూ కోసింది. ఒకటి పైకి పంపింది, ఒకటి మా వంటగదిలో పెట్టింది. మిగతా మూడూ పెరగాలిగా అని, మరునాడు శుక్రవారం నేను మళ్ళీ మొక్కల కొట్టుకు పోయాను. మరో పొట్లం, మరో మెప్పు. ఆశకు అంతుండాలి.

కొట్టాయన నన్ను చూడగానే, "పురుగు పోయిందా సార్?" అన్నాడు.

"పురుగేంటయ్యా? నువ్విచ్చింది బలానికి కదా?"

ఆయన చేతిలో గరిటె ఆగిపోయింది. "బలానికా? ఎరువు కావాలంటే ఎరువని అడగాలి కదండీ. మందన్నారు. బలమైనదన్నారు. పురుక్కని ఇచ్చా. కాయలు గానీ ఉంటే ఇప్పట్లో కొయ్యొద్దని చెప్పబోతుంటే మీరు వెళ్ళిపోయారు. కొయ్యలేదు కదా?"

గోడవైపున్న బస్తా మొహాన్ని ఇటు తిప్పాడు. పుర్రె బొమ్మ ఉంది. కింద ఎర్ర అక్షరాలు. కాయ కోతకు నలభై అయిదు రోజుల ముందే వాడకం ఆపాలి అని ఉంది. నేను వేసి పదహారు రోజులే. ఆ కింద విషానికి విరుగుడు పేరు రాసి ఉంది. ఆ విరుగుడు ఇంజెక్షన్ నా షాపులో, అద్దాల బీరువా రెండో అరలో ఉంటుంది. ఎలాంటి కేసులకు వాడతారో నాకు బాగా తెలుసు. అక్కడే బస్తాల మీద కూలబడ్డాను. కొట్టాయన నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. వంటగదిలోని కాయను సంచీలో వేసి తీసుకుపోయి, చెత్తబండిలో పారేశాను. "కుళ్ళింది" అని చెప్పాను. "నిన్న కోసిన కాయ ఇవాళ కుళ్ళడమేంటి?" అని మా ఆవిడ విసుక్కుంది. "ప్రతిదానికీ నన్నడుగుతావేం? నేనేమైనా కుళ్ళబెట్టానా?" అని అరిచాను.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మిమ్మల్నెవరన్నారండీ?" అని నవ్వింది. ఆవిడ సామెతకే నవ్వింది. నేను మాత్రం గబగబా బయటికొచ్చేశాను.

ఇక పైకి వెళ్ళాలి. పద్నాలుగు మెట్లు. తొమ్మిదో మెట్టు దాకా నిజం చెప్పాలనే ఎక్కాను. దేవుడి మీద ఒట్టు. "అమ్మాయ్, పొరపాటు జరిగింది, ఆ కాయ ఇటివ్వు." ఇంతే చెప్పాల్సింది, అరనిమిషం పని. పైన తలుపు తీసే ఉంది. బుజ్జమ్మను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ అమ్మాయి కొత్త చెంచా చూపించి ఆడిస్తోంది. గుమ్మడికాయ కిటికీ దగ్గర బల్ల మీద ఉంది. దాని మీద చిన్న తువ్వాలు కప్పింది, పసిబిడ్డకు కప్పినట్టు.

"రా బాబాయ్! రేపు పెడదామనుకుంటున్నా. వీళ్ళ నాన్న కూడా రేపు పొద్దున దిగుతాడు. మీ పుణ్యమాని మందు తగలని కాయ దొరికింది. మా డాక్టరుగారు కూడా మెచ్చుకున్నారు తెలుసా, ఇలా పెంచేవాళ్ళు ఎవరున్నారని."

ఆ మొహం చూస్తూ చెప్పడం నావల్ల కాలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"అది... ఇప్పుడే పెట్టకమ్మా" అన్నాను. "ఇంకా పచ్చిది. నాలుగు రోజులు ఆగు. మాగనీ."

"పచ్చిదా? సరే బాబాయ్, నువ్వంటే ఆగుతా" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరికీ తెలియకుండా గండం గట్టెక్కే దారి దొరికిందనుకున్నాను. శనివారం పొద్దున్నే బజారుకెళ్ళి, అదే సైజు, అదే రంగు, అలాంటి చారలే ఉన్న కాయను ఏరి ఏరి కొన్నాను. గుమ్మడికాయలమ్మే ఆవిడ "పెళ్ళిచూపులా అయ్యా, ఇంతసేపు చూస్తున్నావ్?" అని ఎగతాళి చేసింది. ఆ కాయ షాపులో బల్ల కింద దాచాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి పిల్లకు స్నానం చేయించడానికి కిందికొస్తుంది, ఆ సమయంలో పైకెళ్ళి మార్చేద్దామని పథకం. చీటీలు చూస్తూ మందులిస్తున్నాను గానీ మనసంతా ఆ బల్ల కిందే ఉంది. ఇంత తెలివి నాకెక్కడినుంచి వచ్చిందా అని నాలో నేనే కాస్త నవ్వుకున్నాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

పదకొండున్నరకు మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, బుజ్జమ్మకి వాంతులవుతున్నాయి. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చాం. మీరు రండి."

"ఏం పెట్టారు?" అన్నాను. అడగక్కర్లేదు, అడిగాను.

"మన గుమ్మడికాయేనండీ, ఉడకబెట్టి నాలుగు చెంచాలు. మీరు పచ్చిదన్నారట. నేను వెళ్ళి చూశాను, తొడిమ ఎండి చెక్కలా ఉంది, గోరు గుచ్చితే దిగట్లేదు. పచ్చిదెలా అవుతుంది? మీ బాబాయ్‌కి గుమ్మడి గురించి ఏం తెలుసు, పెట్టవే అని నేనే చెప్పాను. నేనే పెట్టించానండీ" అని ఏడ్చేసింది.

ఒక్క అబద్ధం చెప్పాను, అదీ తెలిసినవాళ్ళు ఒక్క చూపులో కొట్టిపారేసే అబద్ధం. విషమని చెప్పి ఉంటే మా ఆవిడ ఆ కాయను గోతిలో పాతిపెట్టేది. పచ్చిదని చెప్పాను కనక, తన పెంపకానికి పరువు నిలబెట్టాలని పిల్ల నోట్లో పెట్టించింది.

ఆసుపత్రి మా షాపుకు రెండు వీధుల అవతల. పరుగెత్తాను. అరవై రెండేళ్ళ మనిషి షాపు తెరిచి పెట్టేసి వీధిలో పరుగెత్తుతుంటే జనం ఆగి చూశారు. లోపల బల్ల మీద బుజ్జమ్మ పడుకునుంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టుంది. ఆ అమ్మాయి, రైలు దిగి నేరుగా వచ్చిన దాని మొగుడు, మా ఆవిడ, ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. డాక్టరు నన్ను చూసి తలూపాడు. ఇరవై ఏళ్ళ పరిచయం. ఆయన చీటీలన్నీ నా షాపుకే వస్తాయి.

"కొత్తగా ఏం పెట్టారమ్మా?" అని అడుగుతున్నాడు.

"గుమ్మడికాయ ఒక్కటే డాక్టరుగారూ. మా పిన్ని పెరట్లోది. మీకు చెప్పాను కదా, ఏ మందూ వెయ్యకుండా పెంచిందని."

"అయితే కాయ గురించి భయం లేదు. మొదటిసారి కాబట్టి ఎక్కువ పెట్టి ఉంటారు. వాంతులకి చుక్కలు రాస్తాను" అని డాక్టరు చీటీ అందుకున్నాడు. నాకేసి చూసి, మొదటిసారి నా ఎదుటే ఆ పేరెత్తి, "చీటీ మాస్టారే వచ్చారుగా, ఇక మీకు దిగులెందుకు?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కలం కదులుతోంది. అది ఆగేలోపల నేను చెప్పకపోతే, వాళ్ళు ఆ చుక్కలు తీసుకుని ఇంటికి పోతారు.

"డాక్టరుగారూ, రాయకండి" అన్నాను. "కాయకి మందు పడింది. నేను వేశాను. పురుగుల మందు." ఆ విషం పేరు, బస్తా మీద ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుప్పెడు వేశానని, పదిహేడు రోజులయిందని చెప్పాను.

డాక్టరు కలం పక్కన పెట్టి, టార్చి తీసి బుజ్జమ్మ కనురెప్పలు పైకెత్తి చూశాడు. నాడి చూశాడు. నోట్లో చొంగ ఎక్కువగా ఉందేమో చూశాడు. నర్సును పిలిచి లోపలి గదిలో మంచం సిద్ధం చెయ్యమన్నాడు. "విరుగుడు దగ్గరుంచండి మాస్టారూ, అవసరం పడితే వేద్దాం" అన్నాడు. "మీకెప్పుడు తెలిసింది ఇది?"

"ఇవాళే" అన్నాను. అంత జరిగాక కూడా, పిల్ల అలా పడుకునుండగా కూడా, నా నోరు ఆ మాటే అంది.

నేను మళ్ళీ పరుగెత్తి విరుగుడు తెచ్చాను. నా బీరువాలోంచి నా చేత్తోనే తీసుకొచ్చి, పిల్ల పక్కన బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. మా ఆవిడ వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చోబోతే ఆవిడ జరగలేదు. "చెక్క నీళ్ళన్నారు" అంది. అంతే అంది. ఆ గంటలు ఎలా గడిచాయో చెప్పలేను. నర్సు అరగంటకోసారి లోపలికి వెళ్ళేది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. ఆ ఇంజెక్షన్ పగలగొట్టిన చప్పుడు వినబడుతుందేమోనని చెవులన్నీ అటే పెట్టాను.

అయిదు దాటాక డాక్టరు బయటికొచ్చాడు. ఇంజెక్షన్ అవసరం పడలేదు. కనుపాపలు బాగున్నాయి, వాంతులు ఆగాయి, పాలు తాగింది. "ఆ మందు వల్లే వాంతులయ్యాయా అంటే అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను. గండం మాత్రం తప్పింది. ఇంటికి తీసుకెళ్ళండి. ఆ కాయ ముక్క కూడా ఎవరూ తినకండి" అన్నాడు. దాని మొగుడు డాక్టరు చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

ఆ అమ్మాయి పిల్లను భుజాన వేసుకుని నేరుగా నా దగ్గరకొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"బాబాయ్, నువ్వు తెలిసి చెయ్యలేదు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. తెలిసిన క్షణాన పరిగెత్తుకొచ్చి అందరి ముందూ చెప్పావు చూడు, ఆ పని ఎవరు చేస్తారు? నువ్వు చెప్పకపోతే ఆ చుక్కలు పట్టుకుని ఇంటికి పోయేవాళ్ళం. నా బిడ్డని కాపాడావు."

వరండాలో ఉన్నవాళ్ళంతా నాకేసి మంచిగా చూస్తున్నారు. డాక్టరు కూడా తలూపుతున్నాడు. ఊరుకుంటే సరిపోయేది. నా పరువు నాకు దక్కేది, ఆ పిల్ల ఎప్పటిలాగే బాబాయ్ అని నవ్వేది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. దాన్ని పట్టుకుని నిలబడటం నావల్ల కాలేదు.

"ఇవాళ కాదమ్మా" అన్నాను. "నిన్ననే తెలుసు."

"నిన్నా?"

"నిన్న మధ్యాహ్నం. పైకొచ్చింది అది చెప్పడానికే. చెప్పలేక పచ్చిదన్నాను. దొంగతనంగా మార్చేద్దామని ఇంకో కాయ కొని షాపులో దాచాను."

ఆ అమ్మాయికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నిన్న బల్ల మీద ఉన్న కాయ, నేను గుమ్మంలో నిలబడ్డ తీరు, అన్నీ గుర్తు తెచ్చుకుంటోందని మొహం చూస్తేనే తెలుస్తోంది. నా చెయ్యి వదిలేసింది. పిల్లను మా ఆవిడకిచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, నన్ను సూటిగా చూసింది. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలియకే అడిగింది.

"నిన్న చెప్పుంటే నేనేమన్నా అనేదాన్నా బాబాయ్?"

ఏమీ అనేది కాదు. నవ్వేసి, ఆ కాయ తెచ్చి నా చేతిలో పెట్టేది. ఆ సంగతి తొమ్మిదో మెట్టు మీద కూడా నాకు తెలుసు.